పాపకు ‘ఐరిస్’ అని పేరు పెట్టాలనుకుంటున్నాం. అర్థం ఏమిటి, మనకు నప్పుతుందా?

నిశ్చింతగా పెట్టండి. ప్రాచీన గ్రీకులో ఆ మాటకు ఇంద్రధనుస్సు అని అర్థం. అదే పేరుతో ఒక దేవత ఉంది. థౌమస్, ఎలెక్ట్రాల కూతురు, రెక్కలున్న దూత. గ్రీకు ఇతిహాసం ఇలియడ్‌లో దేవతల కబుర్లు మోసేది ఆమే. చనిపోయిన కొడుకు హెక్టర్ దేహాన్ని విడిపించుకు రమ్మని ముసలిరాజు ప్రియామ్‌కు దేవతల రాజు జ్యూస్ మాట చేరవేసేదీ ఆమే. దేవతలు ఒట్టు వేయాల్సి వస్తే పాతాళంలోని స్టిక్స్ నది నీళ్లు బంగారు పాత్రలో తెచ్చేది ఐరిస్ అని ప్రాచీన గ్రీకు కవి హెసియాడ్ రాశాడు. పండోరా, మెడియా పేర్ల వెంట వచ్చే చేదు కథ దీనికి లేదు. అందుకే గ్రీకు పేర్లలో నాకిది బాగా నచ్చుతుంది. అక్కచెల్లెళ్లు మాత్రం హార్పీలు, ఎత్తుకుపోయే రెక్కల రాకాసులు. ఎవరైనా ఆ మాట ఎత్తితే తడబడకండి.

కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయానికీ, పువ్వుకీ ఈ పేరే. 1803లో కనిపెట్టిన ఇరిడియం లోహానికి ఆ పేరు రావడానికి కారణం దాని లవణాల రంగులు. మన దగ్గర మాత్రం ఆధార్ పుణ్యమా అని ఐరిస్ అనగానే కంటి స్కాన్ గుర్తొస్తుంది. కొన్నాళ్లు ఆ మాట వినక తప్పదు.

అసలు జాగ్రత్త రాతలో. ‘ఎరిస్’ వేరే దేవత, కలహానికి అధిదేవత. ఎ, ఐ అక్షరాలు చూపుకు దగ్గర కాబట్టి దరఖాస్తులో తెలుగు పేరును ఒక్కో అక్షరం సరిచూడండి. పేరు పొల్లుతో ముగుస్తుంది. విభక్తి చేర్చి టైప్ చేస్తే ‘ఐరిస్కి’ అని ఒత్తు పడిపోతుంది. మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలను కలవనివ్వని, కంటికి కనిపించని గుర్తు) పెడితే ‘ఐరిస్‌కి’ అని విడిగా నిలుస్తుంది. ‘శ్రీ’ చేర్చాలనుకుంటే ముందు పెట్టండి, శ్రీఐరిస్ కాకుండా ‘శ్రీ ఐరిస్’ అని ఎడంగా. వెనక పెడితే స, శ కలిసి నాలుక తడబడుతుంది.

నామాక్షరం చూసుకునేవారైతే ఒక సంగతి: ప్రాచీన గ్రీకు ఉచ్చారణ ‘ఈరిస్’. ‘ఈ’ అనే అక్షరం కృత్తిక నక్షత్రం రెండో పాదానిది. అలా పిలవాలనుకున్నా ఇంగ్లిష్ స్పెల్లింగ్ మారదు: ఐ, ఆర్, ఐ, ఎస్.

జనన నమోదు పేరు లేకుండానే అయిపోయి ఉంటే తొందరేం లేదు. 12 నెలల లోపు రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చు.