కారు మీద 'ఇ' గుర్తు ఉంటే ఏ దేశంలోనైనా చెల్లుతుందా?

సందేహం: మేం నెదర్లాండ్స్‌లో ఉంటున్నాం. ఆరేళ్ల క్రితం ఇక్కడే కొత్త కారు కొన్నాను. లైట్ల మీద, అద్దాల మీద వృత్తంలో 'ఇ' అక్షరం, దాని పక్కన అంకె ఉన్నాయి. అది ఐక్యరాజ్యసమితి ఆమోదమని విన్నాను. ఆఫీసువాళ్లు నన్ను జపాన్‌కో అమెరికాకో బదిలీ చేసేలా ఉన్నారు. ఈ ఆమోదం ఉన్న కారును అక్కడ రిజిస్టర్ చేయం అంటే కోర్టుకు వెళ్లొచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: వెళ్లడానికి ఎవరూ అడ్డుపడరు. కానీ ఒక్క ఆ గుర్తునే నమ్ముకుని వెళ్తే కేసు నిలబడదు.

వృత్తంలోని అంకె ఆమోదం ఇచ్చిన దేశానిది. 1 అంటే జర్మనీ, 4 అంటే నెదర్లాండ్స్, 43 అంటే జపాన్. ఎక్కడ చెల్లుతుందో అది చెప్పదు. పైగా లైటు మీద ఉన్నది ఆ లైటుకే, అద్దం మీద ఉన్నది ఆ అద్దానికే. మొత్తం కారుకు ఆమోదం ఇచ్చే ఐరాస నిబంధన, దాని నంబరే సున్నా, 2018లో గానీ అమల్లోకి రాలేదు.

ఈ గుర్తుకు ఆధారం 1958 నాటి జెనీవా ఒప్పందం. ఒక సభ్యదేశం పరీక్షించి ఆమోదించిన వాహనం లేదా విడిభాగం రకాన్ని, అదే నిబంధనను అమలు చేస్తున్న మిగతా సభ్యదేశాలు మళ్లీ పరీక్షించకుండా ఒప్పుకోవాలి. మెలిక అంతా 'అదే నిబంధనను అమలు చేస్తున్న' అన్న మాటల్లో ఉంది. ఏ నిబంధనలు తీసుకోవాలో, ఏవి వదిలేయాలో ప్రతి దేశం తనే తేల్చుకుంటుంది. ఒప్పందంలో చేరినంత మాత్రాన అన్నిటికీ తల ఊపినట్టు కాదు.

అమెరికా అసలు ఈ ఒప్పందంలోనే లేదు. అది, చైనా, భారత్ 1998 నాటి మరో ఒప్పందంలో ఉన్నాయి. ఉమ్మడి సాంకేతిక నిబంధనలు రాసుకోవడం వరకే దాని పని. ఒకరి సర్టిఫికెట్‌ను మరొకరు ఒప్పుకోవాలన్న షరతు అందులో లేదు. అమెరికాలో తయారీదారే తన వాహనం అక్కడి భద్రతా ప్రమాణాలకు సరిపోతుందని ధ్రువీకరించాలి. మీ కారు ఆ మార్కెట్ కోసం తయారైనది కాదు కాబట్టి ఆ ధ్రువీకరణ ఉండదు. కారుకు 25 ఏళ్లు నిండితే ఆ ప్రమాణాల నుంచి మినహాయింపు ఉంది. మీది ఆరేళ్లదే. గుర్తింపు ఉన్న దిగుమతిదారు ద్వారా బాండు కట్టి, మార్పులు చేయించాలి. చాలామందికి ఆ ఖర్చు కారు విలువను మించిపోతుంది. నన్నడిగితే అమెరికా అయితే ఇక్కడే అమ్మేసి వెళ్లండి.

జపాన్ 1998 నుంచి 1958 ఒప్పందంలో ఉంది కాబట్టి అక్కడ ఆశ ఉంది. అయినా ఒక పని చేయండి. కారు ముందు నిలబడి హెడ్‌లైట్ గాజు మీది గుర్తును దగ్గరగా చూడండి. మీ కుడివైపుకు చూపే బాణం ఉంటే ఆ లైటు రోడ్డుకు ఎడమవైపు నడిచే దేశాలకు తయారైనది. రెండువైపులా మొనలున్న బాణం ఉంటే రెండిటికీ పనికొస్తుంది. బాణమే లేకపోతే కుడివైపు నడిచే దేశాలకే. నెదర్లాండ్స్‌లో కొన్న కారుకు బాణం లేకపోవడానికే అవకాశం ఎక్కువ. జపాన్‌లో ఎడమవైపు నడుపుతారు. ఆ లైటు వేసుకుంటే డిమ్ చేసినా వెలుగు ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది. అప్పుడు అధికారి కాదంటే తప్పు అతనిది కాదు.

'మా స్నేహితుడు విదేశీ నంబరు ప్లేటుతోనే అక్కడ తిరిగాడు కదా' అని మీకు అనిపించవచ్చు. అది వేరే సంగతి. 1949 నాటి రోడ్డు రవాణా ఒప్పందం కింద తాత్కాలికంగా వచ్చిన వాహనానికి ఆ వెసులుబాటు ఉంది. ఏడాది దాటితే ఇవ్వనక్కర్లేదని అందులోనే రాసుకున్నారు. స్థిరపడటానికి వెళ్లేవారికి అది ఆసరా కాదు.

ఇక కోర్టు. ఈ ఒప్పందాలు ప్రభుత్వాల మధ్యవి. మీరు వాదించాల్సింది ఆ దేశపు సొంత రిజిస్ట్రేషన్ చట్టం మీద. కాదంటే ఏ నిబంధన కింద కాదన్నారో రాతపూర్వకంగా తీసుకోండి. అప్పీలు గడువు సాధారణంగా ఆ కాగితం అందిన రోజు నుంచే మొదలవుతుంది. కారు ఆమోదం పొందిన రకానికి సరిపోతుందని తయారీదారు ఇచ్చే అనుగుణ్యతా ధ్రువపత్రం ఇప్పుడే వెతికి పెట్టుకోండి. కొన్నాక బయట కొన్న లైట్లో బంపరో బిగించుకుని ఉంటే ముందు పాతవి పెట్టించండి, ఎందుకంటే ఆమోదం ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రూపానికే. ఓడలో స్థలం బుక్ చేసేది మాత్రం అక్కడి అధికారుల జవాబు చేతికి వచ్చాకే.