ఉరాల్ లారీ ఇంజన్: 180 నుంచి 210, మళ్లీ 180 ఎందుకు?

ప్రశ్న: రష్యా సైన్యపు ఉరాల్ లారీలో మొదటి పెట్రోలు ఇంజన్ శక్తి 180 హార్స్‌పవర్ అనీ, తరువాతి డీజిల్ ఇంజన్‌ది 210 అనీ, ఆ తరువాత వచ్చినదానిది మళ్లీ 180 అనీ చదివాను. కొత్త ఇంజన్‌కు శక్తి పెరగాలి గాని తగ్గడమేమిటండీ?
– ఒక లారీ మెకానిక్, రాయగడ (ఒడిశా)

జవాబు: మీరు చదివిన అంకెలు సరైనవే. అయితే హార్స్‌పవర్ అన్నది టార్క్‌ను (అంటే ఇంజన్ తిప్పే బలాన్ని), ఇంజన్ తిరిగే వేగాన్ని కలిపి కట్టిన లెక్క కనుక, ఆ రెండింటినీ విడదీసి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

గ్రాడ్ రాకెట్ల వాహనంగా పేరుపడిన ఉరాల్-375డి లోని 7 లీటర్ల జిల్ పెట్రోలు ఇంజన్, నిమిషానికి 3200 చుట్లు తిరిగితేనే 180 హార్స్‌పవర్ ఇచ్చేది. దాని గరిష్ఠ టార్క్ సుమారు 466 న్యూటన్ మీటర్లు. పెట్రోలు వాడకం మాత్రం విపరీతం. యుద్ధ ట్యాంకులు వాడే డీజిలే లారీలకూ సరిపోతే యుద్ధకాలంలో సరఫరా సులువవుతుంది, పైగా పెట్రోలు కన్నా డీజిల్‌తో అగ్నిప్రమాదం తక్కువ. అందుకే 1977లో వచ్చిన ఉరాల్-4320లో 10.85 లీటర్ల కమాజ్-740 డీజిల్ ఇంజన్‌ను అమర్చారు. అది 2600 చుట్ల వద్ద 210 హార్స్‌పవర్, గరిష్ఠంగా 637 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చేది.

తరువాతి మార్పు కోరి చేసుకున్నది కాదు. 1993 ఏప్రిల్‌లో నబెరెజ్నీ చెల్నీలోని కమాజ్ ఇంజన్ల కర్మాగారం అగ్నికి ఆహుతైంది. దాంతో మియాస్‌లోని ఉరాల్ వారు యారోస్లావ్ల్ నగరంలోని మోటారు కర్మాగారపు (యామ్‌జ్) ఇంజన్లను ఆశ్రయించవలసి వచ్చింది. వాటిలో ఆరు సిలిండర్ల యామ్‌జ్-236 శక్తి మీరు చెప్పిన 180. ఎనిమిది సిలిండర్ల యామ్‌జ్-238 శక్తి 240. ఈ రెండోదాన్ని లెక్కలో చేర్చుకుంటే శక్తి తగ్గిందన్న మాటే పూర్తిగా నిలవదు.

యామ్‌జ్-236 కూడా తీసిపారేయదగ్గది కాదు. 11.15 లీటర్ల ఆ ఇంజన్ 2100 చుట్లకే 180 హార్స్‌పవర్ అందుకుంటుంది. దాని టార్క్ 667 న్యూటన్ మీటర్లు, అంటే కమాజ్ కన్నా ఎక్కువ. నిండు లోడుతో కోరాపుట్ ఘాట్ ఎక్కే డ్రైవరుకు తక్కువ చుట్లలో దొరికే ఈ లాగుడు ఎంత అవసరమో మీకు చెప్పనక్కరలేదు. కమాజ్ ముందుండేది ఇంజన్ ఎక్కువ చుట్లు తిరిగేటప్పుడే.

2015 నాటి ఉరాల్-నెక్స్ట్‌లో ఉన్న యామ్‌జ్-536 కేవలం 6.65 లీటర్లది. టర్బో (ఇంజన్‌లోకి ఎక్కువ గాలిని నెట్టే పరికరం), కామన్ రైల్ (ఎక్కువ ఒత్తిడితో, ఎలక్ట్రానిక్ అదుపులో డీజిల్‌ను చిమ్మే ఏర్పాటు) ఉన్నందువల్ల అంత చిన్న ఇంజనే పాత పెద్ద ఇంజన్లను మించిన శక్తినిస్తుంది. కాని కామన్ రైల్‌కు చాలా శుభ్రమైన డీజిల్ కావాలి, లోపం కనిపెట్టడానికి స్కానర్ కావాలి. అందుచేత షెడ్డుకు దూరంగా, మామూలు పనిముట్లతోనే బాగుచేసుకోవలసిన చోట పాత మెకానికల్ పంపు ఇంజనే మేలని నా అభిప్రాయం.