సోమవారం పొద్దున్నే అడిగే ప్రశ్నకి ఏం చెప్పను?

ప్రశ్న: విజయవాడ వన్‌టౌన్‌లో ఒక చీరల కొట్టులో సేల్స్‌గర్ల్‌గా చేస్తున్నాను. ఆదివారం మాకు సెలవు. సోమవారం రాగానే తోటి అమ్మాయిలు "నిన్న ఫోన్ ఎత్తలేదు, ఎక్కడికెళ్ళావే?" అంటారు. చర్చికి వెళ్ళానని చెప్పడానికి నోరు రాదు, పిన్ని వాళ్ళింటికి వెళ్ళానంటాను. చెబితే మమ్మల్ని మతం మార్చడానికి చూస్తోందనుకుంటారని టెన్షన్. చర్చి యవ్వనస్థుల కూడికలోనేమో ధైర్యంగా సువార్త చెప్పమంటున్నారు. ఒక అక్కయితే చీర కవర్లో పెట్టేటప్పుడు ఓ కరపత్రం కూడా పడెయ్యమంది. నాలాంటి పిరికిదానివల్ల అవుతుందా?
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: కరపత్రం సంగతి తర్వాత చూద్దాం అమ్మా, ముందు ఆ పిన్ని సంగతి తేలాలి. నిన్నెవరూ అక్కడ ప్రసంగం చేయమనలేదు, ఎక్కడికెళ్ళావని అడిగారంతే. "చర్చికెళ్ళాను, ఆరాధనలో ఫోన్ సైలెంట్‌లో పెట్టా" అంటే అయిపోయేదానికి వారం వారం ఓ అబద్ధం వెతుక్కుంటున్నావు.

పిరికిదాన్నంటావా, పేతురు నీకన్నా పిరికివాడు. ప్రధాన యాజకుని ఇంటి ముంగిట మంట దగ్గర కూర్చుని, ఒక పనిపిల్ల అడిగితేనే యేసు ఎవరో నాకు తెలియదనేశాడు. ఆ పేతురే అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలో అధికారుల ఎదుట నిలబడి మాట్లాడితే, చదువులేని ఈ మనిషికి ఇంత ధైర్యం ఎక్కడిదని వాళ్ళే ఆశ్చర్యపోయారు. అదే అధ్యాయం 29వ వచనం తీసి చూడు, బెదిరింపులు విని వచ్చాక విశ్వాసులంతా కలిసి చేసిన ప్రార్థన ఉంటుంది. బెదిరింపులు ఆగిపోవాలని అడగలేదు, మాట్లాడే ధైర్యం ఇమ్మని అడిగారు, అప్పటికే ధైర్యంగా మాట్లాడినవాళ్ళు మళ్ళీ అడిగారు! పౌలూ అంతే, సంకెళ్ళలో ఉండి, నేను ధైర్యంగా మాట్లాడేలా ప్రార్థించండని ఎఫెసు సంఘాన్ని అడిగాడు (6:19, 20). కాబట్టి ఇది పుట్టుకతో వచ్చే గుణమేమీ కాదు, అడిగి తెచ్చుకునేదే.

మతం మార్చడం గురించి నీ భయం ఊరికే వచ్చింది కాదు, ఈ రోజుల్లో ఎవరికైనా ఉంటుంది. రాజ్యాంగం 25వ అధికరణం మన విశ్వాసాన్ని ఆచరించడానికే కాదు, ప్రచారం చేయడానికీ హక్కిచ్చింది, శాంతిభద్రతలకు లోబడి. అయితే ఎదుటివాళ్ళను మార్చే హక్కు అందులో లేదని సుప్రీంకోర్టు 1977లో తేల్చింది. మనసు మార్చడం దేవుడి పనే అని నమ్మే మనకు ఇందులో ఇబ్బందేముంది? అడిగినవాళ్ళకు జవాబు చెప్పు, "సాత్వికముతోను భయముతోను" చెప్పమన్నదీ ఆ పేతురే (1 పేతురు 3:15). బేరం ఎదురుగా ఉన్నప్పుడు కాదు, భోజనాల దగ్గర చెప్పు. నీ బతుకులో ప్రభువు ఏం చేశాడో రెండు ముక్కలు. వాళ్ళు మాట మారిస్తే నువ్వూ మార్చెయ్, వెంటపడకు.

ఇంకోటి. "ఈ రంగు పోదు కదమ్మా?" అని బేరం అడిగితే ఏం చెబుతున్నావు? గ్యారంటీ మేడమ్ అనేస్తున్నావా, లేక "మొదటిసారి ఉప్పునీళ్ళలో విడిగా ఉతకండి, కొంచెం దిగుతుంది" అంటున్నావా? తోటి అమ్మాయిలు ఇవన్నీ చూస్తూనే ఉంటారు. మన పక్కనే గుంటూరుకి 1883లో వచ్చిన అమెరికన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్, 1898లో ఆసుపత్రి తెరిచేదాకా ఉన్న కాస్త వసతితోనే ఆడవాళ్ళకి వైద్యం చేస్తూ వచ్చింది. ఆమె ఎవరి మనిషో ఆ పని చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అలాగని మంచిగా బతికితే చాలు, నోరు తెరవక్కర్లేదనేవాళ్ళ మాట పట్టుకోకు. అది నీలా మొహమాటపడేవాళ్ళు దాక్కోవడానికి బాగా పనికొస్తుంది. "ప్రకటించువాడు లేకుండ వారెట్లు విందురు?" అని రోమా 10లో ఉంది.

ఇక కరపత్రం. వద్దు. ఆ కవరు మీ ఓనరుది, కొన్నావిడ చీరకి డబ్బిచ్చింది. ఇద్దరికీ తెలియకుండా అందులో పెడితే చాటుపనే అవుతుంది, రేపు ఎవరైనా ఆ కవరు పట్టుకుని కొట్టుకొస్తే మాటపడేది ఆయన. ఇవ్వాలనుంటే సెలవు రోజున, నీకు తెలిసినవాళ్ళకి, ఇదేంటో చెప్పి చేతికివ్వు. వద్దంటే నవ్వి బ్యాగులో పెట్టుకో. ఆ అక్కకి కూడా ఇదే చెప్పు.