రైఫిల్ బిగించే ముందు

పర్లాకిమిడి

అమ్మలూ,

నీకు లైసెన్సు చేతికొచ్చిందనీ, 50 మీటర్ల పోటీలకి సొంత పాయింట్ టూ టూ రైఫిల్ అమర్చుకుంటున్నావనీ మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. 2024లో పారిస్‌లో కొల్హాపూర్ జిల్లా కుర్రాడు స్వప్నిల్ కుసాలే ఈ రైఫిల్‌తోనే కంచు గెలిచినప్పుడు టీవీ ముందు కూర్చుని ఏడ్చాను. ఇప్పుడు మనింటి పిల్ల! రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషం ఒకటి, భయం ఒకటి.

ముందు భయం సంగతి. గుండు దూసుకెళ్ళే గొట్టం బ్యారెలైనా, తూటాని పేల్చే యాక్షనైనా లైసెన్సున్న డీలర్ దగ్గరే కొను. చవగ్గా చేసిపెట్టే కమ్మరి ఉన్నాడని ఎవరన్నా అంటే ఆ గుమ్మం తొక్కకు. 1959 ఆయుధాల చట్టంలో లైసెన్సు లేని తయారీ నేరం, తుపాకీ భాగాలు కూడా ఆయుధం కిందకే వస్తాయి. మన కొండల్లో అనుమానం పడితే వదిలేవాళ్ళుండరు. నీ లైసెన్సు ఒడిశా వరకే ఉంటే రైఫిల్‌తో విశాఖ రైలెక్కకు, పార్వతీపురం రాకముందే ఆంధ్ర వచ్చేస్తుంది.

బరువు 8 కిలోలు దాటకూడదు. టెలిస్కోపు కుదరదు. కళ్ళు మూసుకుని రైఫిల్ భుజానికి ఆనించి, తెరిచి చూడు. సైటు ఎదురుగా ఉంటే చెంపబద్ద సరిపోయినట్టు.

ఇక స్క్రూలు. నేను సైన్యంలో తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌గా ఉన్నప్పుడు, వానాకాలం పోటీకి ముందురోజు ఒక కుర్రాడి రైఫిల్ విప్పి తుడిచి, భుజానికి ఆనించుకునే చెక్క స్టాకుకి యాక్షన్‌ని పట్టే రెండు స్క్రూలూ చేతి అంచనాతో బిగించాను. నా చెయ్యే కొలత అనుకునేవాణ్ణి. మర్నాడు గుళ్ళు చెదిరిపోయాయి. "ఊపిరి సరిగా బిగబట్టడం లేదు నువ్వు" అని అందరి ముందూ అరిచాను. నా మాట నమ్మి ఊపిరి మార్చాడు, చేతికి చుట్టుకునే పట్టీ స్లింగు మార్చాడు, మోచెయ్యి మార్చాడు. చివరికి వచ్చిన విద్య కూడా పోయింది. టెక్కలి వైపు కుర్రాడు, నన్ను అన్నా అనేవాడు.

వారం తర్వాత బ్యారెల్‌కీ స్టాకుకీ మధ్య వేలు పెట్టి ముందు స్క్రూ వదులు చేశాను. బ్యారెల్ వేలి మీదినుంచి పైకి లేచింది. తడికి ఉబ్బిన చెక్క మీద నేను బలంగా బిగించేసరికి యాక్షన్ వంగి కూర్చుంది. తప్పు నాది. అప్పటికే అతను బదిలీ మీద వెళ్ళిపోయాడు. ఉత్తరం రాయొచ్చు, రాయలేదు.

అందుకే బిగువు కొలిచి బిగించే టార్క్ రెంచి కొను. డబ్బుల్లేవనకు, నేను పంపిస్తాను. కంపెనీవాళ్ళు బిగువు ఎన్ని న్యూటన్ మీటర్లంటే అంతే బిగించు. తేదీ వేసి రాసుకో. గురి నడిమి పది రింగు వెడల్పు 10.4 మిల్లీమీటర్లే తల్లీ, స్క్రూ కాస్త తేడా అయినా అక్కడ తెలిసిపోతుంది. ఒకసారి ఒక్కటే మార్చు, పది గుళ్ళు పేల్చాకే నిర్ణయించు. తూటాలు ఒకే బ్రాండైనా లాటు, అంటే ఒక విడతలో చేసిన సరుకు, మారితే గుళ్ళు పడే గుంపు మారుతుంది. నీ బ్యారెల్‌కి నప్పిన లాటు దొరికితే పెట్టెలకి పెట్టెలు కొనిపెట్టుకో.

తూటా కూర్చునే ఛాంబరు ఖాళీయేనని ప్రతిసారీ కళ్ళతో చూడు, వేలితో తడిమి చూడు.

గుళ్ళు చెదిరిన రోజు కోచ్ ఏమన్నా అంటే మనసు కష్టపెట్టుకోకు. ముందు స్క్రూలు చూసి, తర్వాత నాకు ఫోన్ చెయ్యి. దసరాకి రా. రైఫిల్ వద్దు, నోటుబుక్కు తెచ్చుకో.

మీ పెదనాన్న