షుగర్ మాత్ర ఆరున్నరకు, టిఫిన్ పదకొండుకా?

ప్రశ్న: మేము బెంగళూరులో ఉంటాం. పిల్లల సెలవులకని తిరుపతిలో పుట్టింటికి వచ్చాను. అమ్మకు 63 ఏళ్లు. పొద్దున ఆరున్నరకే షుగర్‌కు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర, బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర వేసుకుంటుంది. మొన్న బాబు ఆధార్ అప్‌డేట్, బ్యాంకు లాకర్ పని ముగించుకుని గాంధీ రోడ్డులో చీరలు చూస్తుంటే అమ్మకు చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగాయి. అక్కడే కూర్చుండిపోయింది. చెరకురసం తాగించాక కాసేపటికి తేరుకుంది. ఎండాకాలం బీపీ మాత్ర మానేయమని పక్కింటివాళ్లు అంటున్నారు. మానేయొచ్చా? వచ్చే వారం అలిపిరి మెట్లెక్కే మొక్కు ఉంది. అమ్మ కూడా నడుస్తానంటోంది.
– ఒక పాఠకురాలు

జవాబు: బీపీ మాత్ర సంగతి తర్వాత చూద్దాం. నా మొదటి అనుమానం షుగర్ మాత్ర మీదే. చెమట, వణుకు, తీపి పడగానే తేరుకోవడం చూస్తే రక్తంలో చక్కెర పడిపోయినట్టే ఉంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఇలా జరగడం అరుదు. గ్లిమెపిరైడ్ తీరు వేరు. మనిషి తిన్నా తినకపోయినా అది క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. అందుకే దాన్ని టిఫిన్‌తో పాటే వేసుకోమంటాం.

ఆ పూట అమ్మగారు ఏం తిన్నారో మీరు రాయలేదు. నేను ఊహించగలను. కూతురు, మనవళ్లు దిగిన ఇంట్లో అందరికీ దోసెలు పోసి, చెనిక్కాయల చట్నీ వడ్డించి, 'బ్యాంకుకు టైమవుతోంది, వచ్చి తింటాలే' అని కాఫీతో బయల్దేరి ఉంటారు. వేసవిలో మా ఓపీకి ఈ కథ కొత్త కాదు. మందు టైము మారలేదు, తిండి టైమే మారింది. కాబట్టి రేపటి నుంచి మొదటి దోసె అమ్మకు పెట్టండి. ఆవిడ ఒప్పుకోరు, మీరే గట్టిగా కూర్చోబెట్టాలి.

మళ్లీ అలా అయితే వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడండి. షుగర్‌ఫ్రీ బిళ్లలు ఇక్కడ పనికిరావు. మీటరు దగ్గర లేకపోతే తీపి ముందు, పరీక్ష తర్వాత. తేరుకోగానే షాపింగ్ కొనసాగించొద్దు. ఈ మాత్ర ప్రభావం గంటల తరబడి ఉంటుంది, చక్కెర మళ్లీ పడొచ్చు. కడుపునిండా భోజనం పెట్టి, డాక్టరుకు చెప్పండి. మోతాదు తగ్గించాల్సి రావచ్చు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. చక్కెర మామూలుగా ఉన్నా చెమటలు, ఆయాసం, ఛాతీలోనో దవడలోనో బరువు కనిపిస్తే వెంటనే ఈసీజీ తీయించాలి. షుగరున్నవాళ్లకు గుండెపోటు నొప్పి లేకుండానూ రావచ్చు.

ఇక బీపీ మాత్ర. పక్కింటివాళ్ల మాటలో కొంత నిజం లేకపోలేదు. హైడ్రోక్లోరోథయాజైడ్ ఒంట్లోని ఉప్పును, నీటిని మూత్రంలో పంపేస్తుంది. తిరుపతి మే ఎండకు చెమట కూడా తోడైతే బీపీ బాగా దిగొచ్చు. అలాగని సొంతంగా మానేయకండి. అమ్మగారిని ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి. లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే ఆ కాగితం పట్టుకుని ఈ వారంలోనే డాక్టరును కలవండి. సోడియం, క్రియాటినిన్ పరీక్షలూ అడగండి. మాత్ర మార్చడమా, మోతాదు తగ్గించడమా అన్నది వాటిని చూసి ఆయన నిర్ణయిస్తారు.

దాహానికి నీళ్లు, పల్చటి మజ్జిగ చాలు. ఓఆర్ఎస్ విరేచనాలకో, బాగా చెమట పోసి నీరసించినప్పుడో వాడేది. రోజూ తాగే షర్బత్ కాదు, బీపీ ఉన్నవాళ్లకు అందులోని ఉప్పూ లెక్కే. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలోనే కలపాలి. ఆ పేరుతో అమ్మిన తీపి డబ్బా పానీయాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ వాటిపై ఓఆర్ఎస్ అన్న మాట వాడొద్దని ఆదేశించింది. మెడికల్ షాపులో పొడి ప్యాకెట్టే అడగండి.

మొక్కు మాటకొస్తే, అలిపిరి దారి దాదాపు తొమ్మిది కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు 2,388 మెట్లే అయినా దూరం తక్కువ కాబట్టి ఎక్కుడు ఎక్కువ. చక్కెర పడిన వారం తిరక్కుండా ఈ రెండూ వద్దు. మొక్కు మీదైతే మీరు నడవండి, అమ్మగారు బస్సులో వస్తారు. ఆవిడదే అయితే మందులు సర్దాక, ఎండ తగ్గే నెలల్లో తీర్చుకోవచ్చు. కొండ మీద మాత్రం మిట్టమధ్యాహ్నం కాలిన రాళ్ల మీద ఉత్త కాళ్లతో నడవనీయకండి. అరికాళ్లు మొద్దుబారి ఉంటే బొబ్బలెక్కినా తెలియదు. ఆ రాత్రి పడుకునే ముందు మీరే ఆవిడ పాదాలు తిప్పి చూడండి. బొబ్బ కనబడితే చిదమకుండా మర్నాడే డాక్టరుకు చూపించండి.