షుగర్ ‘తగ్గింది’ అంటే మాత్రలు ఆపేయొచ్చా?

ప్రశ్న: మా నాన్నకు 58 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. ఈమధ్య మూడు నెలల షుగర్ పరీక్ష చేయిస్తే 6.8 వచ్చింది. డాక్టర్ చూసి ‘బాగా తగ్గింది’ అన్నారట. ఆ మాట పట్టుకుని నెల రోజులుగా మాత్రలన్నీ మానేశారు. బంధువు ఒకాయన ‘షుగర్‌ను వేళ్లతో సహా పీకేస్తుంది’ అంటూ చూర్ణం తెచ్చిచ్చారు. 41 రోజులు పథ్యం చేయాలట. అదేమంటే ‘డాక్టరే తగ్గిందన్నాడు కదా’ అంటున్నారు. ఎలా నచ్చజెప్పాలి?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు చేయాల్సిన పని చెబుతాను. రెండు మూడు రోజుల్లోనే మీ నాన్నగారికి బీపీ చూపించండి. పరగడుపున ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి షుగర్ పరీక్ష చేయించండి. ఆ రిపోర్టులు, పాత మందుల చీటీ, చూర్ణం పొట్లం తీసుకుని డాక్టర్‌ను కలవండి. నెల రోజులు ఆపేశారు కాబట్టి పాత మోతాదే మొదలుపెట్టాలా, మార్చాలా అన్నది ఆయన చూసి చెప్పాలి. ఈలోగా ఛాతీలో నొప్పి, ఆయాసం, మూతి వంకరపోవడం, మాట తడబడటం, వాంతులతో మగతగా ఉండటం... వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇక ఆ ‘తగ్గింది’ అన్న మాట గురించి. మీ నాన్నగారిని కోప్పడకండి. మన ఇళ్లలో జ్వరం తగ్గిందంటే జ్వరం పోయిందనే అర్థం. దగ్గు తగ్గిందా అని అడిగితే, పూర్తిగా పోయిందా అని అడిగినట్టే. మేం డాక్టర్లం షుగర్ తగ్గిందన్నప్పుడు మాత్రం అంకె దిగిందని మా ఉద్దేశం. జబ్బు పోయిందని కాదు. ఒకే మాటను మేమొకలా అంటున్నాం, మీరొకలా వింటున్నారు. దీన్ని విడమరిచి చెప్పాల్సిన బాధ్యత మాదే.

ఇప్పుడు ఆ మూడు నెలల షుగర్ పరీక్ష సంగతి. ఎర్ర రక్తకణాలు సుమారు 120 రోజులు బతుకుతాయి. వాటికి ఎంత చక్కెర అంటుకుందో చూసి, గడిచిన రెండు మూడు నెలల సగటు చెబుతుంది ఆ పరీక్ష. చాలామందికి 7 లోపు ఉంటే మంచి అదుపు అంటాం. అంటే ఆ 6.8 మాత్రలు వేసుకున్న రోజుల ఫలితం. మంట తగ్గిస్తే పొంగే పాలు దిగుతాయి, మళ్లీ మంట పెంచితే పొంగుతాయి. నాన్నగారికి ఇలాగే చెప్పి చూడండి.

అసలు షుగర్ ‘నయం’ కాదా? బాగా బరువు తగ్గిన కొందరిలో, షుగర్ మందులేవీ వాడకుండానే కనీసం మూడు నెలలు ఇదే పరీక్షలో అంకె 6.5 కన్నా తక్కువ ఉంటుంది. దాన్ని రెమిషన్ అంటాం. మళ్లీ తిరగబెట్టే వీలుంది కాబట్టి నయమైంది అనం. నా పేషెంట్లకు నేను ‘అణిగింది’ అని చెబుతాను. అప్పుడు కూడా పరీక్షలు మానకూడదు.

‘మానడం’ అన్న మాటతో నాకు ఒక అనుభవం ఉంది. బీపీ ఉన్న ఒకాయనకు లివర్ కూడా దెబ్బతింటుంటే ‘మందు పూర్తిగా మానెయ్యాలి’ అన్నాను. నెల తర్వాత వచ్చారు, బీపీ 180/110. ఆయన భార్య కొంగుముడి విప్పి మాత్రల అట్టలు టేబుల్ మీద పెట్టింది. ఒక్క మాత్ర కూడా కదల్లేదు. ‘మీరే మానమన్నారు కదా సార్’ అంది. తాగుడు మాత్రం సాగుతూనే ఉంది. పుండు మానినా, తాగుడు మానినా, మాత్ర మానినా మనకు ఒకటే మాట. ఇక మందు అంటే చెప్పేదేముంది? రైతు ఇంట్లో అది పురుగుల మందు కూడా. ఆ రోజు నుంచి నేను మాత్రను మాత్ర అనే, తాగుడును తాగుడు అనే అంటున్నాను. చీటీ మీద ‘నాకు చెప్పకుండా ఆపొద్దు’ అని తెలుగులో రాస్తున్నాను.

ఆ చూర్ణం ఆపించండి. పేరూ, లేబులూ లేని పొడుల్లో సీసం లాంటి లోహాలు, స్టెరాయిడ్లు బయటపడిన సందర్భాలున్నాయి. స్టెరాయిడ్ పడితే ఒళ్లు నొప్పులు పోయి ‘గుణం కనిపించింది’ అనిపిస్తుంది, లోపల షుగర్ పెరుగుతుంది. షుగర్‌ను నయం చేస్తామని ప్రకటనలివ్వడాన్ని మన దేశంలో 1954 నాటి చట్టమే నిషేధించింది. చెట్ల మందులంటే నాకు చిన్నచూపు లేదు. మేం షుగర్‌కు రోజూ రాసే మెట్‌ఫార్మిన్ మాత్రకు మూలం కూడా ఐరోపాలో పూర్వం వాడిన ఒక మొక్కే. కానీ మాత్రలో ఏముందో, ఎంతుందో తెలుసు. ఆ పొట్లంలో ఏముందో ఇచ్చినాయనకైనా తెలుసా?

పథ్యం మాత్రం మాన్పించకండి. పత్తెం అని మన పెద్దవాళ్లు అన్న ఆ మాట నాకు చాలా ఇష్టం. నాటు మందుతో షుగర్ దిగిందని చెప్పేవాళ్లలో చాలామందికి దిగింది పథ్యం వల్లే. ఆ 41 రోజులు తీపి ముట్టరు, అన్నం తగ్గిస్తారు, వేళకు తింటారు. మీ నాన్నగారు అందుకు సిద్ధపడ్డారంటే అది మంచి అవకాశం. పళ్లెంలో సగం కూరలు, పప్పు, కొద్దిగా అన్నం, భోజనం తర్వాత కాస్త నడక. 41 రోజులతో ఆపకుండా అలాగే సాగనివ్వండి.

ఇంకొక్క సంగతి నెమ్మదిగా అడగండి. మాత్రలు మానడానికి కారణం డాక్టర్ మాటేనా, లేక ఆయనకు అవి ‘పడటం లేదా’? ‘వేడి చేస్తున్నాయి’ అని మానేసేవాళ్లు చాలామంది. మేం ఆ మాటను కొట్టిపారేస్తుంటాం, అది పొరపాటు. వేడి అంటే ఏమిటో విడమరిచి అడిగితే ఒకరు కడుపులో మంట అంటారు, ఒకరు నోటి పూత, ఒకరు మూత్రంలో మంట. మెట్‌ఫార్మిన్‌తో కొందరికి కడుపు ఉబ్బరం, విరేచనాలు వస్తాయి. భోజనంతో పాటు వేసుకున్నా, నెమ్మదిగా కరిగే రకానికి మార్చినా చాలావరకు సర్దుకుంటాయి. కొన్ని కొత్త షుగర్ మాత్రలతో మూత్రం వచ్చే చోట దురద, మంట నిజంగానే వస్తాయి. కూతురికి చెప్పడానికి ఆయన మొహమాటపడొచ్చు, కాబట్టి డాక్టర్ గదిలో కాసేపు ఆయన్ను ఒక్కరినే మాట్లాడనివ్వండి.