టార్చి వేస్తే పారిపోయే కారుకి భయం ఉన్నట్టా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఎనిమిదో క్లాసు చదివే మా బాబు స్కూల్ ఎగ్జిబిషన్‌కని అట్టముక్క మీద రెండు మోటార్లు, ముందు రెండు లైట్ సెన్సార్లు పెట్టి కారు చేశాడు. టార్చి వేస్తే చాలు, సర్రున పక్కకి తిరిగి మంచం కిందకి దూరి అక్కడ ఆగిపోద్ది. మా అత్తయ్యేమో "పాపం బెదిరిపోయింది, లైటు ఆర్పరా" అని వాడి మీద కేకలు, పక్కింటి ఒడియా ఆవిడ "ఆహా బిచరా" అని ఒకటే జాలి. రోబోలతో ఎమోషన్స్ మీద రీసెర్చ్ చేస్తారని వీడంటున్నాడు, నిజమేనా? ప్రాణం లేనిదాంతో భయం గురించి ఏం తెలుస్తుందండి?

జవాబు: నిజమేనండి, మీ వాడు తెలిసో తెలీకో అదే చేశాడు. 1984లో బ్రైటెన్‌బర్గ్ అనే మెదడు శాస్త్రవేత్త ఊహించిన బండి అచ్చం ఇదే. ఎడమ సెన్సార్ ఎడమ మోటార్‌కి, కుడిది కుడికి కలిపితే, టార్చి ఎటు ఉంటే అటు చక్రం జోరుగా తిరిగి బండి అవతలి వైపుకి మళ్ళుతుంది, చీకట్లోకి వెళ్ళాక మోటార్లకి ఊపు తగ్గి ఆగిపోతుంది. ఆయన దీనికి భయం అని పేరు పెట్టాడు. ఇప్పుడు వైర్లు అడ్డంగా మార్చమనండి, ఎడమది కుడికి, కుడిది ఎడమకి. అదే కారు టార్చి మీదకి దూసుకొచ్చి గుద్దేస్తుంది, అప్పుడు మీ అత్తయ్యగారు "దీనికి పొగరెక్కింది" అంటారు చూడండి! మారింది రెండు వైర్లే.

కారుకి గుండె దడ లేదు, నిన్నటి టార్చి గుర్తులేదు, కాబట్టి మన భయం లాంటిది దాన్లో లేదనే నేనంటాను. కానీ బయటికి భయంలా కనబడ్డానికి ఎంత తక్కువ సరిపోద్దో తయారుచేసి చూస్తేగానీ తెలీదు, రోబోతో లాభం అదే. రెండోది, జాలిపడే మన సంగతి. 1944లో హైడర్, సిమ్మెల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, త్రిభుజాలు, ఒక చుక్క కదిలే బొమ్మల ఫిల్ము 34 మందికి చూపించి ఏం జరిగిందో రాయమంటే, ఒక్కరు తప్ప అందరూ వాటిని ప్రాణమున్నవాటిలాగే చూసి రాశారు, తరుముకున్నాయి, పోట్లాడాయి అని. అందుకే మీ అత్తయ్యగార్ని చూసి నవ్వకండి.

1990ల చివర్లో అమెరికాలో ఎంఐటీలో సింథియా బ్రెజీల్ కిస్మెట్ అని చెవులు, కనుబొమ్మలు, పెదాలు ఆడించే తలకాయ రోబో చేసింది. మనిషి మరీ మొహం మీదకొస్తే వెనక్కి జరిగేది, జనం కూడా అది చూసి కాస్త వెనక్కి తగ్గేవాళ్ళు. మాటలు దానికి అర్థం కావు, గొంతులో మెచ్చుకోలుందా కసురుందా అన్నది మాత్రం పట్టేది. మన చంటిపిల్లలూ అంతేగా.

బాబుకి ఇంకో పని చెప్పండి. వైర్లు మళ్ళీ ఎటువి అటే పెట్టి, సర్క్యూట్లో సెన్సార్, దాని పక్కన రెసిస్టర్ చోట్లు మార్చమనండి, వెలుగు పెరిగితే మోటార్ నెమ్మదించేలా. అది మెల్లగా టార్చి దగ్గరకొచ్చి, ఎదురుగా ఆగి అలా చూస్తూ ఉంటుంది. దానికి మీ అత్తయ్యగారు, పక్కింటావిడ ఏం పేరు పెడతారో నాకు రాయండి.